గుండ్లవంక గండి

మద్రాసు నుంచి తుపాను తంతి వచ్చిందని స్టేషను మాస్టరు కబురు పంపినప్పుడు ఇమాం బాషా గ్యాంగు గుండ్లవంక దగ్గర రైలుకట్ట మీదే పనిలో ఉంది. కబురు విని, పట్టాల బిగింపులు చూసే కీమాన్ పుల్లయ్య తలెత్తి ఆకాశం చూశాడు. కార్తీకమాసపు ఎండ. మబ్బు తునక లేదు. చుట్టూ నల్లరేగడి చేలల్లో జొన్న మోకాలెత్తు పెరిగి, ఆపైన పెరగడానికి పదను చాలక ఆకులు చుట్టుకుని నిలబడి ఉంది.

"మన సీమకు వాన తంతిలో తప్ప రాదబ్బా," అన్నాడు పుల్లయ్య. "పోయినేడూ తంతి వచ్చె. వాన మాత్రం నెల్లూరు కాడ దిగి ఆణ్ణే పండుకునె."

గ్యాంగువాళ్లు నవ్వారు. ఇమాం బాషా నవ్వలేదు. మేస్త్రీ కాకముందు కూడా అతను ఈ కట్ట మీదే సమ్మెట కొట్టిన మనిషి.

"నవ్వింది చాల్లే. తూము నోరు కడగండి," అన్నాడు.

కడప నుంచి ఎర్రగుంట్ల పోయే రైలుదారికి ఆ వంక అడ్డం వస్తుంది. వంక మీద కట్ట ఎత్తుగా పోసి, నీళ్లు పోవడానికి అడుగున రాతితో ఒక్క తూము కట్టారు. అందులోకి ఒక మనిషి వంగి దూరితే పక్కన ఇంకొకడికి చోటుండదు. ఏడాదిలో చాలా రోజులు అందులో నీళ్లకు బదులు మేకలు నీడకు పడుకుంటాయి. గ్యాంగువాళ్లు తూముకు అడ్డం పెరిగిన జిల్లేడు, కంప నరికి ఈడ్చారు. లోపల పేరుకున్న ఒండ్రును గంపలకెత్తి బయట పోశారు. మరికొందరు గోనె సంచుల్లో ఇసుక నింపి దబ్బనంతో మూతులు కుట్టారు. ఇమాం బాషా ఒక్కొక్క సంచినీ కాలితో తన్ని, గట్టిగా ఉంటేనే కట్ట మీద పేర్పించాడు. నల్లరేగడి కట్ట ఎండకు నెర్రెలిచ్చి ఉంది. పెద్ద నెర్రెల్లో కంకర పొడి పోసి దిమ్మెసతో కొట్టించాడు.

మధ్యాహ్నం రాహేలమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చి తూము పక్కన ఆగింది. ఆమెది వంకపల్లె. కట్టకు ఎగువన, గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. అక్కడున్నవన్నీ మట్టిగోడల మీద బోదగడ్డి కప్పిన కొట్టాలే. ప్రార్థన చేసుకునే చిన్న గుడి ఒక్కదానికే రాతిగోడలు. గ్యాంగులో పనిచేసే దాసన్న ఆమె అల్లుడు.

"తంతి వచ్చెనంటనే, నాయనా?"

"వచ్చింది పెద్దమ్మా. వాన పోయేదాకా మేకల్ని తూములోకి తోలొద్దు."

ఆమె చేతికర్ర మీద బరువు మోపి తూములోకి వంగి చూసింది. అవతలి వెలుతురు పళ్లెమంత కనిపించింది.

"ఎంత కడిగితే మాత్రం నోరు పెద్దదయితాదా? పెద్దవాన కొడితే ఈ నోట్లో నీళ్లు పట్టవు. ఎనక్కి తిరిగి మా కొట్టాల్లోకి వస్తాయి. ఇంగొక తూము పెట్టమని మీ దొరతో చెప్తానంటివి."

"చెప్పినా పెద్దమ్మా. పోయినేడు చెప్పినా, ఈ ఏడూ చెప్పినా."

"ఏమనె?"

"చూస్తాననె."

రాహేలమ్మ తలాడించింది. "చూడనీ," అంది, మేకల్ని అదిలించుకుంటూ. "కండ్లున్నాక చూడాల గదా."

పొద్దు వాలేటప్పటికి రైలుదారి పనులు చూసే ఇన్స్పెక్టరు ట్రాలీ మీద వచ్చాడు. అరవదేశం మనిషి. బక్కగా, నెత్తిన ఎండటోపీతో, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు ఉంటాడు. ఇసుక సంచులు చూశాడు. ఎర్రజెండాలు విప్పి చూశాడు. రైలును ఆపడానికి పట్టా మీద కట్టే టపాసుల డబ్బా మూత తీసి, చెమ్మ తగల్లేదని నిమ్మళించాడు. తర్వాత ఇమాం బాషాను పక్కకు పిలిచాడు.

"బాషా, నాకు నీళ్ల కన్నా మనుషుల భయం ఎక్కువ. నీళ్లు నిలిచినాయంటే ఆ పల్లెవాళ్లు కట్ట కోస్తారు. పారలు, గడ్డపారలు అన్నీ సామాన్ల గదిలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. ఎవరికీ ఇవ్వొద్దు."

"దాసన్న ఆ పల్లెవాడే గదా సార్. మన మనిషి."

"ముందు వాడి దగ్గరే తీసుకో."

దాసన్న కట్ట వాలులో కూర్చుని గడ్డపార మొనకు అంటిన మట్టిని రాయితో గీకుతున్నాడు. దాని నడుమ భాగం అతని అరచేతులకు అరిగి నున్నగా మెరుస్తోంది. ఇమాం బాషా చెయ్యి చాపాడు. దాసన్న ఆ చేతిని చూశాడు, దూరంగా ట్రాలీ పక్కన నిలబడ్డ ఇన్స్పెక్టరును చూశాడు. లేచి గడ్డపార అందించాడు.

"రేపు వాన పడితే నేను గోళ్లతో తవ్వాల్నా, మేస్త్రీ?"

"అవసరమైతే నేనే తీసిస్తా."

"ఎవురికి అవసరమైతే?"

ఇమాం బాషా గడ్డపార భుజాన వేసుకుని నడిచాడు. అది తన గడ్డపార కన్నా బరువుగా తోచింది.

*

తంతి ఈసారి నిజమే చెప్పింది. ముందు గాలి వచ్చింది. తర్వాత మబ్బు తూర్పు నుంచి చేల మీదికి దిగింది. వాన మొదలైన నాడు పల్లెలో పిల్లలు బయటికొచ్చి గంతులేశారు. ఆ రాత్రీ ఆగలేదు. మరుసటి పొద్దుటికి ఎగువ కొండల్లో పడిన వానంతా గుండ్లవంకలోకి వచ్చింది. ఎర్రనీళ్లు కంపనూ కొమ్మల్నీ మోసుకొచ్చి కట్టకు తగిలి, పోయే దారి తూములో పట్టక వెనక్కి మళ్లాయి.

ఇమాం బాషా నెత్తిన గోనెసంచి కప్పుకుని కట్ట మీద నిలబడ్డాడు. ఎడమ పక్క చూస్తే సముద్రం మాదిరి నీళ్లు. వాటి మధ్య వంకపల్లె కొట్టాల కప్పులు గడ్డివాముల్లా తేలుతున్నట్టు ఉన్నాయి. కుడిపక్క దిగువన చూస్తే తూములోంచి ఒక ధార దూకుతోంది. దాని పక్కన వంకలో ఇసుక ఇంకా కనబడుతోంది.

పల్లెజనం కట్ట మీదికి ఎక్కడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఎత్తయిన చోటు అదొక్కటే. ఆడవాళ్ల చంకల్లో పిల్లలు, మగవాళ్ల భుజాల మీద మేకపిల్లలు. కట్ట మీదికి ఎవరినీ రానీయకూడదని ఉత్తర్వు. ఇమాం బాషా కిందికి వంగి ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని పైకి లాగాడు.

"పట్టాల మీద కూచోవద్దు. ఈ వారకే ఉండండి," అన్నాడు.

దాసన్న భార్యనూ బిడ్డనూ కట్టెక్కించి నేరుగా మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. నడుముదాకా తడిసి బురదగా ఉన్నాడు.

"తాళంచెవి ఇయ్యన్నా."

"ఇయ్యను."

"ఒక్క గంపెడు మట్టి తీస్తే చాలు. మిగతాది నీళ్లే చూసుకుంటాయి."

"అందుకే ఇయ్యనంటాండా."

"ప్యాసింజరు రాదన్నా ఈ వానలో. యాడో ఆపేసింటారు."

"తంతి తీగ తెగిపోయింది దాసన్నా. ఎర్రగుంట్లలో బయల్దేరిందో లేదో చెప్పేవాడు లేడు. రాదని చెప్పేవాడు లేనప్పుడు వస్తాదనే అనుకోవాల."

అప్పటికి రాహేలమ్మ వాళ్ల పక్కకు వచ్చింది. పైట నెత్తిన కప్పుకుని ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"నాయనా బాషా, కొట్టం పోతే మళ్లా ఏసుకుంటా. పాతరలో జొన్నలుండాయి. పాతరలోకి నీళ్లు దిగితే ఏం తినాల మేము? అవతల చూడు, ఇసక కనపడ్తాంది. దేవుడు ఏసిన దావ అది. మీరు మూసినారు. రోంత తెరువు."

"రైల్లో మనుషులుంటారు పెద్దమ్మా."

"ఈడ మాత్రం ఎవురుండారు?"

ఇమాం బాషా చెయ్యి జేబు మీదికి పోయింది. తాళంచెవి తడిగుడ్డకు అతుక్కుని తొడకు చల్లగా తగిలింది. అతను చెయ్యి తీసేసి రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. వాళ్ల కళ్ల ముందే ఒక కొట్టం గోడ నానిన రొట్టెలా జారి నీళ్లలో కలిసింది. కప్పు కాసేపు అట్లాగే తేలి, మెల్లగా తిరిగి, కట్ట వైపు వచ్చింది. జనంలో ఎవరూ ఏడవలేదు. ఎవరి కొట్టమో గుర్తుపట్టి ఒక ఆడమనిషి మాత్రం పేరు చెప్పింది.

ఇమాం బాషా అక్కడ నిలబడలేక దిగువ వాలులోకి దిగాడు. కంకర జారుతూ, చేతులతో గడ్డి పట్టుకుంటూ అడుగుదాకా పోయి చూశాడు. తూముకు ఎడంగా, కట్ట మొదట్లో, బురదనీళ్లు ఉడుకుతున్న అన్నంలా పైకి పొంగుతున్నాయి. కాలితో నొక్కితే అక్కడి మట్టి జావలా లోపలికి పోయింది. నీళ్లు కట్ట పొట్టలోకి దూరాయి.

అతను పైకి ఎట్లా ఎక్కాడో అతనికి తెలీదు.

"పుల్లయ్యా! జెండా, టపాసులు తీసుకో. కడప పక్క ఉరుకు. దాసన్నా, నువ్వు ఎర్రగుంట్ల పక్క. బండి వచ్చేదయితే ఆ పక్క నుంచే వస్తాది."

పుల్లయ్య వెంటనే పరిగెత్తాడు. దాసన్న కదల్లేదు. ఎర్రజెండా అతని చేతిలో తడిసి కర్రకు చుట్టుకుంది. అతను తన పల్లె వైపు చూశాడు, కట్ట వారన కూర్చున్న భార్య వైపు చూశాడు.

"వాళ్లను నేను చూసుకుంటా," అన్నాడు ఇమాం బాషా. "ఉరుకు నాయనా. నీ అంత బిరీన ఉరికేవాడు మనలో లేడు."

దాసన్న పట్టాల నడుమ స్లీపరు దుంగ మీంచి దుంగ మీదికి కాలు వేస్తూ పరిగెత్తాడు. వాన తెరలో అతని ముండాసు కాసేపు తెల్లగా కనిపించి మాయమైంది.

ఇమాం బాషా జనాన్ని లేపాడు. పిల్లల్ని ముందు పంపి, ముసలివాళ్లను మధ్యలో పెట్టి, మేకల్ని వెనక తోలించి, కట్ట గట్టి నేలతో కలిసే చోటికి అందరినీ నడిపించాడు. "కట్ట నిలవదు," అని అతనన్నప్పుడు, "నిలవకూడదు," అంది ఎవరో ముసలామె. దాసన్న బిడ్డ అతని మెడ పట్టుకుని ఉంది.

కట్ట పెద్ద చప్పుడు చెయ్యలేదు. నడుమ కొంచెం కుంగింది. కంకర జలజలమని రాలింది. అంతలో ఆ భాగమంతా ఒక్కసారిగా దిగువకు ఒరిగి, నీళ్లు దాని మీదుగా వెళ్లిపోయాయి. పట్టాలు మాత్రం తెగలేదు. స్లీపర్లతో సహా నిచ్చెనలా గాలిలో వేలాడుతూ ఊగాయి. ఎగువన నీళ్లు చూస్తుండగానే దిగడం మొదలైంది. కొట్టాలు ఉండిన చోట కుంకుడు నురగలాంటి బురద, రాటలు, బోర్లా పడ్డ కుండలు బయటపడ్డాయి.

ఎర్రగుంట్ల వైపు నుంచి టపాసుల మోత వినిపించింది. దాని వెంట ఇంజను కూత, ఆగకుండా, చాలాసేపు. కూత ఆగింది, బండీ ఆగింది. ఇమాం బాషా బిడ్డతో పట్టా మీద కూర్చున్నాడు. రాహేలమ్మ వచ్చి అతని చేతుల్లోంచి మనవరాలిని తీసుకుంది.

*

మరునాడు ఇన్స్పెక్టరు కడప వైపు నుంచి నడిచి వచ్చాడు. దారిలో ఇంకా రెండు చోట్ల కంకర కొట్టుకుపోయిందట. మోకాళ్లదాకా బురద. గండి అంచున నిలబడి చాలాసేపు కిందికి చూశాడు.

"కోసినారు గదా?"

"లేదు సార్. అదే తెగింది. నేను ఈడనే ఉంటి."

"ప్యాసింజరును ఆపింది దాసన్నంట. కట్ట తెగక ముందే పరిగెత్తినాడంట. తెగుతుందని వాడికి ముందే ఎట్ల తెలిసింది?"

"నేను పంపితే పోయినాడు సార్."

ఇన్స్పెక్టరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. అతని కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. "బాషా, నేను చెప్పేది విను. కట్ట దానంతట అదే తెగిందంటే, ఎందుకు తెగిందని అడుగుతారు. తూము చాలదని మేస్త్రీ చెప్పినాడా అని అడుగుతారు. నువ్వు చెప్పినావు. నేను పైకి చెప్పలేదు. ఈ లైన్లో అట్లాంటి తూములు ఎన్నో ఉన్నాయి, అన్నిటికీ ఎక్కడ చెప్పేది అనుకున్నాను." ఆగి గొంతు తగ్గించాడు. "వాళ్లు కోసినారంటే వాళ్లను ఎవరూ ఉరి తియ్యరు. ఊరికే నాలుగు దినాలు పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి పంపిస్తారు."

ఇన్స్పెక్టరు కబురు మీద సాయంత్రానికి కానిస్టేబుళ్లు వచ్చి దాసన్నను పిలుచుకుపోయారు. అతను అప్పుడు కూలిన కొట్టంలోంచి దూలాన్ని లాగుతున్నాడు. దూలాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, చేతులు కడుక్కుని వాళ్ల వెంట నడిచాడు.

గ్యాంగు ఇళ్లలో మేస్త్రీ భార్య మాబూబీ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. కాలినవి కాలినట్టు పాతగుడ్డలో పేరుస్తోంది. పల్లెకు పంపడానికి. ఇమాం బాషా గడపలో కూర్చుని కాళ్ల బురద గీక్కుంటూ జరిగిందంతా చెప్పాడు.

"దొర చెప్పినట్ల చెప్పకుంటే ఏమయితాది?" అంది ఆమె.

"ఏమో. మేస్త్రీగిరీ పోవచ్చు. యాడన్నా దూరపు గ్యాంగులో పడేయొచ్చు. ఈ ఇల్లు వదలాల్సొస్తాది."

మాబూబీ రొట్టెను పెనం మీద తిప్పి, వేళ్లతో అంచులు నొక్కింది. "చెప్తే మాత్రం? రేపు ఒకరడుగుతారు, ఎల్లుండి ఇంగొకరడుగుతారు. ఏం చెప్పినామో గుర్తు పెట్టుకుంటా ఉండాల. చూసింది చెప్తే ఆ పని ల్యా." తర్వాత మూట కట్టి అతని ముందు పెట్టింది. "వేడిగా ఉండంగానే ఇచ్చి రాపో."

పల్లెలో జనం గుడిలోనూ దాని అరుగు మీదా సర్దుకున్నారు. రాహేలమ్మ పాతర మూత తీసి, నానిన జొన్నలను బండ మీద పరిచి ఆరబోస్తోంది. అప్పుడే పులిసిన వాసన వస్తోంది. ఇమాం బాషా మూట పక్కన పెట్టాడు. ఆమె చూసింది కానీ ముట్టుకోలేదు. కూతురు వచ్చి తీసుకుని పిల్లలకు పంచింది.

"కట్ట పూడ్చేదానికి కూలికి రమ్మని దండోరా ఏసిరి," అంది రాహేలమ్మ జొన్నలను చేత్తో నెరుపుతూ. "పొద్దున దొంగలంటిరి, సందకాడ కూలోళ్లంటిరి. ఎవురూ పోరు ఈ పల్లెలో."

*

దారిలో కొట్టుకుపోయిన కంకర సరిచేశాక, ఇంజనీరు సామాను బండిలో వచ్చాడు. బండి కడప వైపు నుంచి గండిదాకా వచ్చి ఆగింది. దాని నిండా స్లీపర్లు, పట్టాలు, జాకీలు, మోకులు. అతను చిన్న వయసువాడే. దిగీదిగగానే కట్ట అంచుల్ని చేత్తో తడిమి చూశాడు. మట్టి వేళ్లకు జిగటగా అంటుకుంది.

"దీన్ని పల్లెవాళ్లు కోసినారని చెప్తున్నారు," అన్నాడు. "అప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

"నేనుంటి దొరా. మేస్త్రీని. ఇమాం బాషా."

"ఏం చూశావు?"

అందరూ ఉన్నారు. ఇన్స్పెక్టరు, గ్యాంగువాళ్లు, సామాను బండి డ్రైవరు, అవతలి గట్టున పల్లెజనం.

"కోస్తామన్నారు దొరా. ఆ మాట నిజం. తాళంచెవి అడిగినారు. నేను ఇయ్యలా. ఎవురూ పార ముట్టల్యా. నీళ్లు కట్ట పొట్టలోకి దూరినాయి. అది చూసి దాసన్నను నేనే పంపినా. వానికి పోను మనసు లేకున్న్యా పోయినాడు."

"తాళంచెవి ఏమిటి?"

ఇమాం బాషా ఇన్స్పెక్టరు వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. కానీ తను నోరు తెరవకముందే జవాబు వచ్చింది.

"పనిముట్లన్నీ తాళం వేయించింది నేను, సార్," అన్నాడు ఇన్స్పెక్టరు. "వాన మొదలు కాకముందే వేయించినాను. వీళ్ల భయంతోనే. ఇంకో తూము కావాలని ఈ మేస్త్రీ నాతో చెప్పినాడు. నేను పైకి రాయలేదు."

ఇన్స్పెక్టరు టోపీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇమాం బాషాకు అతన్ని చూస్తే, ఆ పొద్దు నీళ్లలో నానిన గోడ జ్ఞాపకం వచ్చింది. కానీ ఈ గోడ పడలేదు.

ఇంజనీరు చేతి మట్టి తుడుచుకున్నాడు. "పోలీసులకు చీటీ పంపించండి, ఆ దాసన్నను వదిలేయమని," అన్నాడు. తర్వాత అవతలి గట్టుకేసి గొంతెత్తాడు. "మీరంతా పనికి రావాలి. ఈ గండికి అటూ ఇటూ బళ్లు ఆగిపోయినాయి. కట్ట పూడ్చాలి."

రాహేలమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

"మట్టి మొయ్యం నాయనా."

"కూలి ఇస్తాం కదమ్మా."

"కూలి గురించి కాదు. మట్టి ఏస్తే మళ్లా మా నోట్లో ఏసుకున్నట్లే. ఇంగో వాన వస్తే మళ్లా ఇదే కత. రాయి మోస్తాం. బండల గని కాడ పారేసిన రాయి గుట్టలుగా పడుండాది. ఎంత కావాల్నో అంత మోస్తాం. మట్టి ఒక్క గంప గూడా మొయ్యం."

పుల్లయ్య నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. ఇంజనీరు నవ్వలేదు. కట్ట పక్క గుంతల్లో నిలిచిన బురదను చూశాడు. ఆ మట్టి ఎండి, గట్టిపడి, బరువు మొయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందో అతను లెక్కేసుకుంటున్నట్టు ఉంది. తర్వాత సామాను బండిలో ఉన్న స్లీపర్ల వైపు చూశాడు.

"సరే," అన్నాడు. "అడుగున రాయి పరిచి, దాని మీద స్లీపర్ల దొంతులు లేపుదాం. పైన పట్టాలు వేద్దాం. నీళ్లు కింద పోతాయి." తర్వాత ఆమెతో నేరుగా అన్నాడు: "ఇది నీ కోసం చేయడం లేదమ్మా, బండి తొందరగా పోవాలని చేస్తున్నాను. ఇది తాత్కాలికం. తర్వాత ఇక్కడ వంతెనే కట్టాలని రాస్తాను. కడతారో లేదో నా చేతిలో లేదు."

"నువ్వు రాసేది రాసుకో నాయనా. మేం ఏసే రాయి మేం ఏస్తాం."

గని నుంచి గండిదాకా మనుషుల వరుస ఏర్పడింది. నల్లని కడపరాళ్లు, పలకలుగా చీలినవి, అంచులు కోసుకునేవి. ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని రాళ్లు మోశారు. మగవాళ్లు పెద్దవాటిని మోకుతో కట్టి కర్ర మీద వేలాడదీసి తెచ్చారు. బురద తీసేసి, కింద గట్టి గరుసు తగిలిందాకా తవ్వి, రాయిని అడ్డంగా నిలువుగా పేర్చారు. దాని మీద స్లీపర్లు — ఒక వరుస ఇటు, ఒక వరుస అటు — ఇనుపకొక్కేలతో బిగించి లేపారు. పక్క గ్యాంగులు కూడా వచ్చాయి. వేలాడే పట్టాలను జాకీలతో ఎత్తేటప్పుడు ఇమాం బాషా గొంతెత్తి పలికితే అందరూ "ఐలెస్సా" అని ఒక్క ఊపులో పట్టారు.

దాసన్న గడ్డం మాసి తిరిగి వచ్చాడు. నేరుగా గండిలోకి దిగాడు. ఇమాం బాషా సామాన్ల గది తాళం తీసి, అతని గడ్డపారను తానే తీసుకొచ్చి అందించాడు. దాసన్న తీసుకుని మొన చూసుకున్నాడు.

"కొట్టినారా?" అని అడిగాడు ఇమాం బాషా.

"లేదన్నా. ఊరికే కూచోబెట్టిరి. అదే శానా కష్టం," అన్నాడు. తర్వాత గడ్డపార ఎత్తి రాళ్ల సందులో గుచ్చి, ఒకదాన్ని సరిచేశాడు.

ఇన్స్పెక్టరు కూడా చొక్కా చేతులు మడిచి దొంతుల పక్కనే ఉన్నాడు. రసమట్టం పెట్టి ఒక్కొక్క వరుసా చూశాడు. మధ్యాహ్నం అన్నం తిననూ లేదు. అతన్ని వేరే చోటికి పంపేస్తారని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఆ మాట అతని ముందు ఎత్తలేదు.

*

ముందు ఒట్టి ఇంజనును నడిపించి చూశారు. దొంతులు మూలిగాయి, స్లీపర్ల సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి, కానీ ఏదీ పక్కకు జరగలేదు. ఇంజనీరు కిందికి దిగి బిగింపులన్నీ మళ్లీ చూసి చెయ్యి ఊపాడు.

తర్వాత ప్యాసింజరు వచ్చింది. ఆ వాన పొద్దు దాసన్న ఆపిన బండే. వెనక్కి ఎర్రగుంట్లకు తీసుకుపోయి ఇన్నాళ్లూ అక్కడే నిలిపారు. మనిషి నడక కన్నా వేగంగా పోకూడదని డ్రైవరుకు ఉత్తర్వు. పుల్లయ్య పచ్చజెండా పట్టుకుని ఇంజనుకు ముందు నడిచాడు. దాసన్న కింద గండిలో దొంతుల పక్కన నిలబడి, ఒక స్లీపరు మీద అరచెయ్యి ఆనించి దాని అదురు చూస్తున్నాడు.

ఇమాం బాషా కట్ట వారన నిలబడ్డాడు. అతని పక్కన రాతికుప్ప మీద రాహేలమ్మ కూర్చుంది. రాయి మోసి మోసి ఆమె నెత్తి మీద వెంట్రుకలు దుమ్ముకు అట్టకట్టి ఉన్నాయి. బండి ఇంకా దగ్గరికి రాకముందే ఆమె అంది:

"ఆ పొద్దు నువ్వు తాళంచెవి ఇచ్చింటే నా జొన్నలు దక్కేటివి."

"దక్కేటివి పెద్దమ్మా."

"ఇయ్యకపోతివి."

"ఇయ్యలేదు."

ఇంజను వాళ్ల ముందునుంచి పోయింది, వేడి ముఖానికి కొడుతూ. దాని వెనక పెట్టెలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎప్పుడూ గీతలా సాగిపోయే కిటికీలు ఈసారి ఒక్కొక్కటిగా వచ్చి, ఆగినట్టే ఆగి, కదిలాయి. ఒక కిటికీలో ఒక ముసలాయన చేతిని గొడుగు చేసుకుని బయటికి చూస్తున్నాడు. ఇంకో కిటికీలో బుర్ఖా ముసుగు పైకెత్తుకున్న ఆడమనిషి బిడ్డకు పాలిస్తూ, కూలిన కొట్టాల కేసి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. రాగి కడవ పట్టుకున్న బాపనామె ఒకతె. పెళ్లికి పోతున్నారో వస్తున్నారో, పసుపు బట్టల పిల్ల ఒకతె. తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డ కూలీలు — భుజాన మూటలు, చేతుల్లో కొడవళ్లు — పంటకోతలకు ఎక్కడికో పోతున్నవాళ్లు. ఒకడు రాహేలమ్మను చూసి, ఎందుకో తెలియకుండానే, దండం పెట్టాడు. కిటికీ ఊచల్లోంచి ఒక పిల్లవాడు చెయ్యి బయటికి పెట్టి ఊపాడు.

రాహేలమ్మ ఒక్కొక్క పెట్టెనూ తల తిప్పుతూ చూసింది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, ఎంచుతోందో తెలియలేదు. చివరి పెట్టె కూడా దొంతులు దాటి అవతలి గట్టి కట్ట మీదికి చేరాక, పుల్లయ్య జెండా దించాడు. బండి కూత వేసి వేగం అందుకుంది.

ఆమె చాలాసేపు ఆ పక్కే చూస్తూ ఉండిపోయింది.

"ఇంతమంది ఉండిరా, దాంట్లో?" అంది చివరికి.

ఇమాం బాషా తలాడించాడు. రాహేలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఖాళీ గంపను బోర్లించి దుమ్ము దులిపి చంకన పెట్టుకుంది. వాలు దిగేటప్పుడు కాలు జారబోతే అతను చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుని దిగింది.